పింగాణి బొమ్మకి నిజమైన మనిషి ముఖం రావాలంటే ఏ రంగులు వాడాలి, ఎలా నేర్చుకోవాలి?

విజయవాడ నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. మూడేళ్లుగా కాన్వాస్ మీద ఆయిల్ పెయింటింగ్ చేస్తున్నారట. దసరా కొలువులో పెట్టుకుందామని రంగు వేయని పింగాణి తలలు నాలుగు తెప్పించి, ఎక్రిలిక్ రంగులతో ముఖాలు దిద్దారు. "కళ్లు గుడ్లప్పగించి చూస్తున్నట్టున్నాయి, మా పిల్లలు దగ్గరికే రావడం లేదు. రెండు నెలలకే పెదవుల రంగు పెచ్చులూడింది. మనిషి ముఖంలా రావాలంటే ఏ రంగులు కావాలి? నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఎక్రిలిక్ పక్కన పెట్టి, బట్టీలో కాల్చే చైనా పెయింట్‌కి మారండి. ముఖాన్ని ఒక్క కూర్చోవడంలో పూర్తి చేయకండి. ఐదారు పలచని పూతలు వేయండి, ఒక్కో పూతకి ఒక్కో కాల్పు. మొదటి మూడు నాలుగు నెలలు బొమ్మ తల ముట్టుకోకుండా తెల్లని టైల్ ముక్కల మీదే చేయండి. వారానికి రెండు సాయంత్రాలు కేటాయించగలిగితే, ఏడాదికల్లా పదిమందికి చూపించగలిగే ముఖం వస్తుంది. మీకు బొమ్మ గీయడం వచ్చు కాబట్టి కొలతల బాధ లేదు. కాన్వాస్ అలవాటు ఒకటి మాత్రం వదులుకోవాలి: అడుగున ఉన్న తెలుపుని రంగుతో కప్పేయడం.

నేను రాజమండ్రిలో పుట్టి, ఒహాయోలో స్థిరపడినదాన్ని. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అమెరికాలో 1980ల్లో, 90ల్లో పింగాణి బొమ్మలు చేయడం ఇళ్లల్లో పెద్ద వ్యాపకంగా ఉండేది. ఆ తరానికి చెందిన ఒక పెద్దావిడ దగ్గర తొమ్మిదేళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడ వాడిన చిన్న బట్టీయే ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

కాల్చడం ఎందుకంటే, పింగాణి మీద ఎక్రిలిక్ పైపొరగా అంటుకుని ఉంటుంది, అంతే. చెమట, వేడి, బట్టతో తుడవడం, వీటిల్లో ఏది తగిలినా లేస్తుంది. చైనా పెయింట్ అంటే మెత్తని ఖనిజ రంగుపొడి, దానితో కలిసిన గాజుపొడి. సుమారు 720 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బట్టీ భాషలో కోన్ 018 (బట్టీ వేడిని తెలిపే అంకె) దగ్గర, ఆ గాజు కరిగి రంగుని పింగాణికి శాశ్వతంగా పట్టిస్తుంది. 1920లు, 30ల్లో జర్మనీలో చవకరకం పింగాణి బొమ్మలకి చర్మం రంగు వేసి కాల్చకుండా వదిలేసేవారు. ఇవాళ వాటిలో చాలావాటికి బుగ్గ మీదో ముక్కు మీదో రంగు లేచిపోయి ఉంటుంది. వాటికంటే ముందు కాల్చి చేసిన బొమ్మల ముఖాలు నూరేళ్లు దాటినా చెక్కుచెదరలేదు. న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియంలో బొమ్మల సేకరణ పెద్దది. అటువైపు మీ బంధువులెవరైనా ఉంటే, వెళ్లినప్పుడు ఒక పూట దానికి కేటాయించండి.

మన్నిక ఒక్కటే కారణం కాదు, చూపు కూడా. పలచని చైనా పెయింట్‌లోంచి వెలుగు లోపలికి దిగి, కింద ఉన్న తెల్లదనాన్ని తాకి, రంగు పూసుకుని బయటికొస్తుంది. మన చర్మం మీద వెలుగు పడినప్పుడు జరిగేదీ దాదాపు అదే. ఎక్రిలిక్ ఆ దారి మూసేస్తుంది. మీ బొమ్మ ముఖం గోడకి సున్నం వేసినట్టు ఉండటానికి మొదటి కారణం ఇదే. మీ చేతిలో లోపం కాదు.

తల తయారీ

మీ దగ్గరున్న నాలుగు తలల మీది రంగు అసిటోన్‌తో పూర్తిగా తీసేయండి. పింగాణి తలని ముందు దాదాపు 1,220 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ కాల్పులో తల పది నుంచి పదిహేను శాతం కుంచించుకుపోతుంది. అలా వచ్చిన తల కంటికి నున్నగా కనిపించినా వేలితో రాస్తే సన్నని గరుకు తగులుతుంది. దాన్ని నీళ్లలో ఉంచి మెత్తని డైమండ్ ప్యాడ్‌తో రుద్దాలి. వదిలేస్తే ఆ గరుకులో రంగు ఇరుక్కుని, బుగ్గ మీద మచ్చల్లా తేలుతుంది. రుద్దడం ఎప్పుడూ తడిలోనే చేయండి. పింగాణి ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

రుద్దాక సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఇక ముఖాన్ని వేళ్లతో పట్టుకోకండి. జడకి కొబ్బరినూనె రాసిన చేతులతో కూర్చుంటే రంగు అక్కడక్కడా ముత్యాల్లా విడిపోతుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ముగ్గురికి ఇలాగే జరిగింది. రంగులో తప్పుందని వారాల తరబడి వెతికారు.

రంగు కలపడం

పొడిని గాజుపలక మీద వేసి, నూనెతో చాకుతో మెత్తగా నూరాలి. నేను కొపైబా (ఒక చెట్టు నుంచి తీసేది) నూనెలో కొద్దిగా లవంగ నూనె కలిపి వాడతాను. లవంగ నూనె మన బజార్లోనే దొరుకుతుంది. అది రంగుని త్వరగా ఆరనివ్వదు, కాబట్టి దిద్దుకోవడానికి తీరిక ఉంటుంది. ముద్ద టూత్‌పేస్టంత చిక్కగా ఉంటే చాలు. నూనె ఎక్కువైతే బట్టీలో రంగు బుడగలు కట్టి పగులుతుంది. తక్కువైతే కుంచె గీతలు కనబడతాయి. రంగు మరీ మందంగా వేస్తే, కాలి చల్లారేటప్పుడు పెచ్చుగా లేచిపోతుంది. అందుకే ఎంత ముదురు రంగు కావాలన్నా రెండు మూడు కాల్పుల్లోనే తెచ్చుకోవాలి.

మీ ఊళ్లో బట్టీ లేకపోవచ్చు. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల సిరామిక్ స్టూడియోలు బట్టీలో జాగా అద్దెకిస్తాయి. ఉష్ణోగ్రత అమర్చుకోగలిగే కరెంటు బట్టీ అయితేనే ఒప్పుకోండి, గ్యాస్ బట్టీ వద్దు. ప్రయాణంలో తడి రంగు చెరిగిపోతుంది కదా. దానికి చైనా పెయింటింగ్‌లో పాత ఉపాయం ఒకటుంది: రంగుపొడిని పంచదార పాకంతో కలపడం. సన్నని పాళీతో గానీ కుంచెతో గానీ గీస్తే ఆ గీత గట్టిగా ఆరుతుంది. పైన నూనె కలిపిన రంగు తడిపినా కరగదు. కాబట్టి కనుబొమ వెంట్రుకలు పాకంతో గీసి, ఆరాక వాటి మీద నీడని నూనెతో అద్ది, రెండూ ఒకే కాల్పులో కానివ్వచ్చు. ఇలా చేస్తే మీకు హైదరాబాద్ ప్రయాణాలు తగ్గుతాయి.

రంగుల రసాయనం కొంచెం తెలుసుకోక తప్పదు. మొదటి ఏడాది నేను ఒక మంచి ఎరుపు కోసం రెండు ఎరుపులు కలిపాను. ఒకటి ఇనుముతో చేసినది, రెండోది కాడ్మియంతో చేసినది. గాజుపలక మీద దానిమ్మగింజలా మెరిసింది. బట్టీలోంచి తీస్తే పెదవులు బూడిదరంగు నలుపు! ఆ రెండు జాతులూ కలవకూడదు. బొమ్మల ముఖాలకి ఇనుప ఎరుపులు చాలు. పాంపడూర్ అనే పేరుతో వచ్చే ఇనుప ఎరుపు పెదవులకీ బుగ్గలకీ ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉంది. ఇక బంగారం నుంచి చేసే గులాబీ రంగులకి వేడి కాస్త ఎక్కువ కావాలి, వేడి చాలకపోతే గోధుమరంగుకి తిరుగుతాయి. ఇనుప ఎరుపులకి వేడి ఎక్కువైతే వెలిసిపోతాయి. కాబట్టి ఎక్కువ వేడి కోరే రంగులు ముందు కాల్పుల్లో, తక్కువ వేడి రంగులు చివర.

కళ్లు

మీ అసలు బాధ ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చెప్తాను.

అద్దం తీసుకుని కిటికీ పక్కన కూర్చుని మీ కన్నే చూసుకోండి. నల్లగుడ్డు పూర్తి వృత్తంగా కనబడదు. పైరెప్ప దాని పైభాగాన్ని కప్పుతుంది, కిందిరెప్ప అంచుని తాకుతుంది. భయపడినప్పుడు మాత్రమే నల్లగుడ్డు చుట్టూ తెలుపు కనబడుతుంది. మీరు పూర్తి వృత్తం గీశారు కాబట్టి బొమ్మ భయపడ్డట్టు ఉంది, దాన్ని చూసి పిల్లలు భయపడుతున్నారు. దీన్నొక్కదాన్ని సరిచేస్తే సగం పని అయిపోయినట్టే.

తర్వాత, తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. పైరెప్ప నీడ దాని పైభాగం మీద పడుతుంది. లేత బూడిదరంగులో పిసరంత నీలం కలిపి ఆ నీడ వేయాలి. ముక్కువైపు మూలలో లేత ఎరుపు చుక్క ఒకటి పెట్టాలి.

నల్లగుడ్డుకి మన కళ్లలో ముదురు గోధుమరంగు. పైసగం దాదాపు నలుపు, ఎందుకంటే అక్కడ రెప్ప నీడ ఉంది. కిందిసగంలో, మెరుపుచుక్కకి ఎదురుమూలన, తేనెరంగు తేలాలి. కంటిలోకి దిగిన వెలుగు అటువైపు నుంచి కనబడుతుంది. ఈ తేనెరంగు వేయనివాళ్లే ఎక్కువ. అది లేకపోతే కన్ను గుండీలా ఉంటుంది.

మెరుపుచుక్కకి తెల్లరంగు పెట్టకండి. చైనా పెయింట్‌లో తెలుపు బలహీనం, సున్నపుచుక్కలా ఉంటుంది. రంగు తడిగా ఉండగానే చెక్కిన పళ్లపుల్ల కొనతో అక్కడ రంగుని ఎత్తేయండి. కింద ఉన్న పింగాణి తెలుపే మెరుపవుతుంది. రెండు కళ్లలోనూ చుక్క ఒకే వైపు ఉండాలి. చివరి కాల్పుకి ముందు కంటి మీద మాత్రం రంగులేని గాజుపూత సన్నగా వేస్తే తడి మెరుపు వస్తుంది. ముఖమంతా మెరుపు లేకుండా ఉండి కళ్లు మాత్రమే తడిగా ఉండటంతో చూపు వస్తుంది.

రెప్ప అంచుకి నలుపు వాడకండి. ముదురు గోధుమరంగు చాలు. కాటుక పెట్టాలనుకుంటే అది చివరి కాల్పులో, అలంకారంగా, విడిగా పెట్టండి.

గాజు కళ్లు అమర్చే రకం తలలైతే పద్ధతి వేరు. రంగు పని, కాల్పులు అన్నీ పూర్తయ్యాకే గాజుకళ్లు లోపలి నుంచి అమర్చాలి. మీరు మొదట గీసిన కళ్లతోనే నేర్చుకోండి. గాజుకన్ను ముఖంలోని తప్పుల్ని కప్పిపుచ్చుతుంది, అలా అయితే చేయి ఎదగదు.

కనుబొమలు, పెదవులు, బుగ్గలు

పాత ఫ్రెంచి బొమ్మలు, ముఖ్యంగా జుమో కంపెనీవి, చూసి కనుబొమలు నేర్చుకోకండి. అవి అందమైనవే, కానీ అవి అలంకారం కోసం దట్టంగా దిద్దిన కనుబొమలు. నిజమైన ముఖాలు కావాలంటే జర్మన్ కంపెనీ కామర్ అండ్ రైన్‌హార్ట్ 1909 నుంచి తెచ్చిన పిల్లల ముఖాలు చూడండి. అప్పటిదాకా బొమ్మ అంటే బొమ్మ ముఖమే. వాళ్లు ముఖం చిట్లించుకున్న పిల్లల్ని, మూతి ముడుచుకున్న పిల్లల్ని చేశారు. 1920ల్లో గ్రేస్ స్టోరీ పుట్నమ్ మూడురోజుల పసిగుడ్డుని చూసి మలిచిన బై-లో బేబీ ఇంకో మంచి పాఠం. దానికి కనుబొమలు ఉన్నాయా లేవా అన్నంత లేతగా ఉంటాయి.

కనుబొమలో వెంట్రుకలన్నీ ఒకవైపు వాలవు. ముక్కు దగ్గరవి నిటారుగా పైకి, మధ్యలోవి ఏటవాలుగా, చివరివి చెవివైపు పడుకుని ఉంటాయి. పైవరుస కిందికి, కిందివరుస పైకి వచ్చి మధ్యలో కలుస్తాయి. మొదటి కాల్పులో కింద లేతనీడ, రెండోదాంట్లో కొన్ని వెంట్రుకలు, మూడోదాంట్లో ఇంకొన్ని. కుంచె కొనని చివర్లో గాలిలోకి లేపాలి. ఈ ఒక్క గీత కోసమే నేను మిమ్మల్ని టైల్ ముక్కల మీద మూడు నెలలు కూర్చోమంటున్నాను. రోజుకి యాభై గీతలు గీసి తుడిచేయండి. కాల్చక్కర్లేదు, ఖర్చూ లేదు.

పెదవి చుట్టూ గీత గీయకూడదు. పైపెదవి కిందికి తిరిగి ఉంటుంది కాబట్టి ముదురు, కిందిపెదవి లేత. రెండిటి మధ్య గీత అన్నిచోట్లా ఒకే మందంగా ఉండదు, మూలల్లో గాఢంగా, మధ్యలో ఒకచోట తేలిపోతుంది. అంచుల్ని పొడికుంచెతో తట్టి చర్మంలోకి కలిపేయాలి. బుగ్గలకి నూనె చేతితో అద్ది, రంగు పెట్టి, పట్టుగుడ్డ ఉండతో మెల్లగా తట్టుకుంటూ పోవాలి. అంచు ఎక్కడో కనబడకపోతే అయిపోయినట్టు.

మన చర్మం రంగు

మీరు అడగలేదు, కానీ కొలువు బొమ్మ అన్నారు కాబట్టి చెప్పాలి. బయట దొరికే పింగాణి తలలు, రంగుల సెట్లు, పుస్తకాలు అన్నీ తెల్లవాళ్ల చర్మాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. వాటి పద్ధతిలో గులాబీ బుగ్గలు పెట్టి, పైన బొట్టు పెడితే, బొట్టు పెట్టుకున్న విదేశీ పాప వస్తుంది. నేను నాలుగేళ్లు అలాంటివే చేశాను, నచ్చక అటక మీద పెట్టేశాను.

చామనఛాయకి రెండు దారులున్నాయి. మొదటిది, మట్టిద్రవంలోనే గోధుమరంగు కలిపి అచ్చులో పోసిన తల కొనడం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి, జర్మన్ కంపెనీలు గోధుమరంగు బొమ్మలు కూడా చేశాయి. రెండోది, తెల్లతల మీదే పలచని పూతలు వేసి ఛాయ తేవడం. ఇది కష్టం, కానీ నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే కిందనుంచి వెలుగు వస్తుంది. పసుపు గోధుమరంగుతో మొదలుపెట్టి, రెండో పూతలో ఎర్ర గోధుమరంగు, మూడో పూతలో ఊదా ఛాయ ఉన్న ఇనుపరంగు కొద్దిగా. ఒక్కోటీ పట్టుగుడ్డతో తట్టి కాల్చాలి. ఒకే రంగు మూడుసార్లు వేస్తే ముఖం ఇత్తడిలా అవుతుంది. మూడు రంగులు ఒకదాని మీద ఒకటి పడితేనే చర్మం అవుతుంది.

మన ముఖాల్లో రంగు ఎక్కడ మారుతుందో అమ్మమ్మల ముఖాల్లో చూడండి. కళ్ల కింద, కంటి లోపలి మూలల్లో, ముక్కుపుటాల పక్కన, పెదవుల చుట్టూ ఊదా గోధుమరంగు నీడ ఉంటుంది. నుదురు, ముక్కు కొన, గడ్డం దగ్గర పసుపు వెలుగు. బుగ్గల్లో గులాబీ కాదు, ఇటుకరంగు, అదీ ఉందా లేదా అన్నంత. పైపెదవి ముదురు గోధుమ, కిందిపెదవి లోపలివైపు మాత్రం గులాబీ. కిందిపెదవిలో ఆ రెండు రంగులు కలిసేచోటు సరిగ్గా వచ్చిన రోజు నా బొమ్మ మొదటిసారి మా వైపు పిల్లలా కనబడింది. అటక మీద పెట్టినవాటి పక్కన దాన్ని పెట్టి చాలాసేపు చూశాను.

హైదరాబాద్ నుంచి ఒకాయన వాళ్ల అమ్మమ్మ ఫోటో పంపి, ఆవిడ ముఖంతో బొమ్మ కావాలన్నారు. ఎనభై దాటిన ముఖం. ముడతల్ని సన్నని గీతలుగా గీశాను. కాల్చి చూస్తే తల పగిలినట్టు ఉంది. ముడత అనేది అచ్చులోనే పల్లంగా ఉండాలి. రంగుని ముఖమంతా పూసి, మెత్తని గుడ్డతో ఎత్తైన చోట్ల తుడిచేస్తే, పల్లాల్లో మిగిలిన రంగే ముడత అవుతుంది. మళ్లీ మట్టి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, ఐదు నెలలు పట్టింది.

జాగ్రత్తలు

పాత చైనా పెయింట్లలో సీసం ఉంటుంది, కొత్తవాటిలో కూడా కొన్నింట్లో ఉంటుంది. పొడి నూరేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోండి. కుంచె కొనని నోట్లో పెట్టి సన్నం చేసుకునే అలవాటుంటే ఈరోజే మానేయండి. వంటింటి బల్ల మీద ఈ పని వద్దు.

కాల్పు మొదట్లో, 450, 500 డిగ్రీల దాకా, బట్టీ మూత కాస్త ఎత్తి ఉంచాలి. నూనె కాలి పొగ బయటికి పోవాలి, లేకపోతే రంగు మాసిపోతుంది. ఆ గది కిటికీలు తెరిచి ఉంచండి. చల్లారాక కూడా వంద డిగ్రీల లోపుకి వచ్చేదాకా మూత తీయకండి. తొందరపడితే తల చీలుతుంది.

కాల్చకముందు ఏ తప్పునైనా దూదితో తుడిచేయవచ్చు. కాల్చాక తీయడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్న ద్రావకాలు వాడమని ఎవరైనా చెప్తే వినకండి. అది చర్మంలోంచి ఎముకదాకా వెళ్లే విషం. నేను ఇన్నేళ్లలో వాటిని ఇంట్లోకి తీసుకురాలేదు. తప్పు వస్తే ఆ తలని రంగులు పరీక్షించడానికి వాడుకుంటాను.

మీరు ఇప్పుడు కొనాల్సినవి తక్కువే. ఆరు రంగులు: పసుపు గోధుమ, ఎర్ర గోధుమ, ముదురు గోధుమ, పాంపడూర్, ఊదా ఇనుపరంగు, లేత బూడిద. రెండు సన్నని కుంచెలు, ఒక మెత్తని గుండ్రటి కుంచె, పాత పట్టుచీర అంచు కాకుండా లోపలి గుడ్డ ముక్క, మెరుగులేని తెల్లని టైల్ ముక్కలు పాతిక. మొదటి టైల్ మీద ఈ ఆరు రంగుల్నీ పలచగా, మధ్యస్థంగా, దట్టంగా మూడు వరుసల్లో పూసి, కింద పేర్లు రాసి కాల్పించండి. పొడిలో కనబడే రంగు వేరు, కాలాక వచ్చేది వేరు, ఆ పట్టీ లేకుండా ముఖం మీదికి వెళ్లొద్దు. రెండో టైల్ మీద ఒకే ఒక్క కన్ను వేయండి, ఎడమది, నాలుగు కాల్పుల్లో. అది అయ్యాక కిటికీ వెలుగులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నల్లగుడ్డు ఎక్కడ నిలబడిందో చూసి చెప్తాను.